మంచి ధ్వని ఎవరి సొత్తు? — తెలుగు గ్రామఫోను ప్లేట్ల చరిత్ర గురించి

పాట మంచిదైతే చాలదు, ప్లేటు కూడా మంచిదై ఉండాలని గ్రామఫోను సంగీతం అలవాటైన వాళ్లందరికీ తెలుసు. ఒకే గాయకుడు ఒకే కంపెనీకి పాడిన రెండు ప్లేట్లలో ఒకటి ఆయన్ని మన ఎదుట కూర్చోబెడుతుంది; రెండోది గోడ అవతల నిలబెడుతుంది. ఈ తేడా ఎక్కడనుంచి వచ్చింది? సంగీతం గురించి రాసే మన విమర్శకులు రాగాన్ని గురించి, సాహిత్యాన్ని గురించి, గాత్రాన్ని గురించి చెబుతారు గాని ఈ ప్రశ్న జోలికి పోరు. అది మేస్త్రీల వ్యవహారమని వాళ్ల ఉద్దేశం కాబోలు. ప్లేట్లు పోగుచేసే రసికులు మాత్రం ఇది తప్ప మరొకటి అడగరు. ఎప్పటి ముద్రణ, గీతలు పడ్డాయా లేదా, ఎంతకిస్తావు — ఇంతటితో వాళ్ల విచారణ సరి. ఈ రెండు పక్షాలూ వదిలేసిన జాగాలోనే అసలు చరిత్ర ఉందని నా అభిప్రాయం.

గవర్నర్‌పేటలో కాపురం ఉండడం వల్ల నాకీ ప్లేట్లతో పరిచయం ఏర్పడింది. బీసెంటు రోడ్డు వెనక సందుల్లో పాత రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. కృష్ణా జిల్లా పల్లెటూళ్లలో మేడలు పడగొట్టి కొత్తవి కట్టుకునేటప్పుడు అటకలమీది ప్లేట్లు ఆయన దగ్గరకు చేరతాయి. వాటిని కడిగి, తుడిచి, ఒక్కొక్కటే వినడం మా ఇద్దరికీ కాలక్షేపంగా మొదలైంది. వినగా వినగా నాకొక సంగతి అర్థమైంది. మంచి ధ్వని అనేది గాయకుడి గొంతులో ఎంత ఉందో, ఆ గొంతుకూ నా చెవికీ మధ్య పనిచేసిన చేతుల్లోనూ అంతే ఉంది. ఆ చేతులు ఎవరివి, వాటిని పనిలోకి దించిన లెక్కలు ఎవరివి అన్నది చూడవలసి ఉంది.

తెలుగు ప్లేటు తెలుగు గడ్డమీద పుట్టిన సరుకు కాదు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఇంజనీరు ఇంగ్లండు గ్రామఫోను కంపెనీ తరఫున కలకత్తా వచ్చి గౌహర్ జాన్ మొదలైనవాళ్ల పాట రికార్డు చేశాడు. ఆ మైనపు పలకలు ఓడమీద జర్మనీలోని హానోవరుకు పోయి, ప్లేట్లయి తిరిగివచ్చాయి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టారు. తరువాత అది డండం చేరింది. పాడటం మద్రాసులో, అచ్చు కలకత్తాలో, అమ్మకం బెజవాడలో. 1931లో లండన్‌లో రెండు పెద్ద కంపెనీలు కలిసిపోయి ఇ.ఎం.ఐ. ఏర్పడ్డాక, కుక్క బొమ్మ ప్లేటు కొన్నా కొలంబియా ప్లేటు కొన్నా మన డబ్బు చేరే పెట్టె ఒక్కటే అయింది.

ప్లేటు తయారయ్యే తీరు కొంచెం వివరంగా చెప్పుకోకతప్పదు. అది తెలియనిదే నాణ్యం మాట తేలదు. గాయకుడు పాడుతుంటే మందపాటి మైనపు పలకమీద సూది గాడి తీస్తుంది. ఆ మైనం మీద గ్రాఫైటు పొడి పూసి, విద్యుత్తుతో రాగి పోత పోస్తారు. ఆ పోత ఊడదీస్తే గాడికి తిరగబడిన అచ్చు వస్తుంది. దాన్ని వాళ్లు తండ్రి అంటారు. దానిమీదనుంచి తల్లి, తల్లి మీదనుంచి పని అచ్చులు. ఈ పని అచ్చుల మధ్య మెత్తబడ్డ లక్క ముద్దను పెట్టి నొక్కితే ప్లేటు. కొన్ని వందల ప్లేట్లు నొక్కేసరికి పని అచ్చు మొద్దుబారుతుంది. తల్లి మీదనుంచి కొత్త అచ్చు తియ్యాలి. ఎప్పుడు తియ్యాలనేది సంగీతజ్ఞుడి నిర్ణయం కాదు, ఖర్చులు చూసుకునేవాడి నిర్ణయం. అందుచేత బాగా అమ్ముడుపోయిన ప్లేటుకే ఎక్కువ ప్రమాదం. ఒకే నంబరు ప్లేట్లు రెండు పక్కపక్కన పెట్టి వింటే, మొదటి వందలో పుట్టినదేదో, అరిగిన అచ్చుకు పుట్టినదేదో చెవికి తెలిసిపోతుంది. లేబులు చుట్టూ ఖాళీగా ఉండే వలయంలో చెక్కిన మాత్రిక సంఖ్య చూడమని మేస్త్రీలు చెప్పేది ఇందుకే.

1925కు పూర్వం మైకు లేదు. గాయకుడు ఒక పెద్ద బాకాలోకి తలదూర్చి పాడాలి. గాలి ఊపే ఊపుకు సూది కదలాలి. హెచ్చు స్వరాల మెరుపు, మంద్రస్థాయి బరువు రెండూ ఆ బాకాలో పడవు. రమారమి 2000 సైకిళ్లకు పైనున్నదంతా బయటనే ఉండిపోయేది. వయొలిన్ వినపడక దానికొక లోహపు గొట్టం తగిలించి స్ట్రో వయొలిన్ అని కొత్త వాద్యమే చెయ్యవలసి వచ్చింది. మెత్తని గొంతులు ఈ పరీక్షలో నిలవలేదు.

మరి ఎవరు నిలిచారు? మన నాటకాలవాళ్లు నిలిచారు. మైకు లేని పందిట్లో, తెల్లవారుజాము దాకా, చివరి వరుసలో నేలమీద కూర్చున్న రైతుకు కూడా అక్షరం అక్షరం వినిపించేటట్లు హెచ్చు శ్రుతిలో పద్యం చదివి గొంతు కాచుకున్నవాళ్లు వాళ్లు. బెజవాడకు దగ్గరలోనే మైలవరం జమీందారు పోషణలో నడిచిన నాటక సమాజం ఉండేది. పాపట్ల కాంతయ్య అక్కడ కట్టిన మట్లు ఆంధ్రదేశమంతా పాకాయి. కపిలవాయి రామనాథశాస్త్రి ఆ సమాజపు వేదిక మీద పేరు తెచ్చుకున్నవాడే. ఆయన ప్లేట్లు ఆ రోజుల్లో ఎంత ప్రసిద్ధమో పెద్దవాళ్లు చెప్పగా మనం విన్నదే. ఆ గొంతులు యంత్రానికి తగినట్లు కుదిరాయని కొందరు అదృష్టం మాటలాడతారు. అదృష్టం కాదు. వేలమంది పేద ప్రేక్షకులకు వినిపించవలసిన అవసరం ఆ గొంతులను తయారుచేసింది. కంపెనీవాడు తయారుగా ఉన్న సరుకును పట్టుకుపోయాడు. తొలినాటి తెలుగు ప్లేట్లలో ధ్వని బాగున్నవేవి అని నన్నెవరైనా అడిగితే, సంగీత కచేరీలకన్న ముందు పద్యాల ప్లేట్లు వెతకమని చెబుతాను.

అయితే దీనికి చెల్లించిన మూల్యం తక్కువ కాదు. ప్లేటు ఒక పక్కకు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. వేదికమీద ఒక పద్యానికి ముందొక ఆలాపన, చివర మరొక ఆలాపన, ఆపైన వన్స్‌మోరు. ప్లేటు మీద ఆలాపన తునిగింది, వన్స్‌మోరు పోయింది. డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర పద్యాలు ప్లేటుమీద విని నేర్చుకున్న తరువాతి తరం నటులకు ఆ కొలతే ప్రమాణమైంది. యంత్రం కొలత కళకు కొలత అయిన సందర్భాల్లో ఇదొకటి.

1925లో అమెరికాలో మైకుతో విద్యుత్ రికార్డింగు మొదలై, కొద్ది సంవత్సరాల్లోనే మనదేశానికీ వచ్చింది. ధ్వని పరిధి రెండింతలు దాటి పెరిగింది. ద్వారం వెంకటస్వామినాయుడు కమాను తీగను తాకే మెత్తదనం మనదాకా వచ్చిందంటే మైకు చలవే. బాకా రోజుల్లో అయితే ఆయన వాద్యం ఏమై ఉండేదో ఊహించుకోవచ్చు. రావు బాలసరస్వతీదేవి, టంగుటూరి సూర్యకుమారి వంటి గొంతులకు, మనం లలిత సంగీతమనే ప్రక్రియకు చోటు దొరికిందీ అప్పుడే. భావకవిత్వం చెవిలో చెప్పినట్లు పాడే కవిత్వం. పందిట్లో అరిచి పాడితే అది నిలవదు. దానికి మైకు కావలసి వచ్చింది. మన సాహిత్య చరిత్రకారులు భావగీతం వ్యాప్తికి అనేక కారణాలు రాశారు. మైకును వాటిలో చేర్చినవారు నాకు కనిపించలేదు.

ఇక ప్లేటు ఒంటికి వద్దాం. పాట వింటున్నప్పుడు వెనక సన్నగా చిటపటమంటూ, వేడి పెనం మీద నీళ్లు చల్లినట్లు వినపడే చప్పుడు ఒకటుంది. అది గాయకుడిది కాదు, మైకుదీ కాదు. ప్లేటులో లక్కతోపాటు రాతిపొడి, మసి, దూది నూగు కలుస్తాయి. ఉక్కు ముల్లు మొన గాడిలో సరిగ్గా కూర్చునేటట్లు దాన్ని అరగదియ్యడానికి ఆ రాతిపొడి కావలసిందే. లక్క తగ్గించి పొడి పెంచితే ప్లేటు చౌక అవుతుంది, చప్పుడు పెరుగుతుంది. లక్క ఎక్కడిది? అందులో అత్యధిక భాగం మనదేశానిదే. ఛోటానాగపూరు అడవుల్లో ముండా, ఒరాన్ ఆదివాసులు మోదుగ, రేగు కొమ్మలమీద పురుగు కట్టిన లక్కను గీకి సంతల్లో దళారులకు అమ్మగా వచ్చింది. న్యూయార్కులో ఒపేరా విన్నవాడూ, బందరులో పద్యం విన్నవాడూ ఆ ఆదివాసి చేతి లక్కమీదే విన్నారు. 1942లో యుద్ధావసరాలకోసం అమెరికా ప్రభుత్వం ఇతర పనులకు లక్క వాడకాన్ని 70 శాతం కోసివేసింది. అక్కడ పాత ప్లేట్లు పోగుచేసి, కరిగించి, మళ్లీ ప్లేట్లు నొక్కారు. యుద్ధకాలపు ముద్రణలకు చప్పుడెక్కువని రసికులు విసుక్కుంటారు. ఆ చప్పుడు వెనక ఒక ప్రపంచ యుద్ధం, ఒక అడవి ఉన్నాయని తలుచుకునేవాళ్లు తక్కువ.

ఇంతవరకూ ప్లేటు పుట్టుక. పుట్టిన తరువాత దాని బతుకు కూడా వర్గాన్ని బట్టే సాగింది. ఇది నా అనుభవంలో తేలిన విషయం. దీనిమీద కొంచెం నిలబడతాను.

కలవారి ఇళ్లల్లో గ్రామఫోను హాల్లో అలంకారంగా ఉండేది. ముల్లు పక్కపక్కకూ మార్చేవారు. ప్లేటు కవరులోకి, కవరు పెట్టెలోకి పోయేది. ఊళ్లో మైకు సెట్టువాడి ప్లేటు బతుకు వేరు. పెళ్లికి, పేరంటానికి, సంబరానికి, ఎన్నికల సభకు ముందు కాలక్షేపానికి అదే ప్లేటు. ముల్లు మార్చాలంటే డబ్బు. అందుకని మొన మొద్దుబారినదాకా అదే ముల్లు. దుమ్ములో, ఎండలో, బండిమీద ఒక ఊరినుంచి మరో ఊరికి ప్రయాణం. కాఫీ హోటళ్ల ప్లేట్ల గతీ అంతే. దీని ఫలితం ఏమిటి? నేటికి చెక్కుచెదరకుండా, మంచి ధ్వనితో దొరుకుతున్న ప్లేటు చాలాసార్లు ఎవరూ ఎక్కువగా వినని ప్లేటు. వందలమంది చెవులు నింపిన ప్లేటు బూడిదరంగుకు తిరిగి, గాడులు పూడి, గరగర తప్ప మరేమీ వినిపించని స్థితిలో దొరుకుతుంది. ఘంటసాల 'పుష్ప విలాపం' ప్లేట్లు మా మేస్త్రీ చేతికి వచ్చినన్నిసార్లూ అరిగే వచ్చాయి. చౌటపల్లిలో పుట్టి, 1942 ఉద్యమంలో జైలుకు పోయివచ్చిన ఆ గాయకుడూ, గుంటూరు బడిపంతులు కరుణశ్రీ కవిత్వమూ ఎన్ని ఇళ్లకు వెళ్లాయో ఆ అరుగుదల చెబుతుంది.

కనుక, నాణ్యం ఒక్కటే కొలతగా ప్లేట్లు పోగుచేసేవాడు తెలియకుండానే ఒక జల్లెడ పడుతున్నాడు. ఆ జల్లెడలో నిలిచేది కలవారి అభిరుచి. జారిపోయేది జనం అభిరుచి. రేపు ఆ సేకరణను చూసి 'ఆ కాలంలో తెలుగువాళ్లు విన్న సంగీతం ఇదీ' అని ఒక పరిశోధకుడు వ్యాసం రాస్తే, అది తప్పు చరిత్ర అవుతుంది.

జల్లెడదాకా కూడా రానిది మరొకటుంది. 1943లో ప్రజా నాట్యమండలి ఏర్పడ్డాక బుర్రకథ కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఏ స్థాయికి పోయిందో పాఠకులకు చెప్పనక్కరలేదు. షేక్ నాజర్ తంబుర భుజాన వేసుకుని చిందు తొక్కుతూ కథ ఎత్తుకుంటే, పక్కన గుమ్మెటలతో ఇద్దరు వంతలు, ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. వేలకు వేలు జనం. ఆ ధ్వని ప్లేటుమీద ఎందుకు ఎక్కలేదు? గంటలకొద్దీ సాగే కథ మూడు నిమిషాల్లో ఇమడదన్నది ఒక కారణం. ఇది సగం నిజమే. అయిదారు ప్లేట్ల సెట్లుగా నాటకాలు వచ్చిన రోజులవి. కంపెనీ తలుచుకుంటే కథా వచ్చేది. కాని జమీందారును, దొరను తిట్టే కథను విదేశీ కంపెనీ ఎందుకు తలుచుకుంటుంది? 'మా భూమి' నాటకాన్నే ప్రభుత్వం నిషేధించిన కాలం అది. చివరకు 1954లో 'అగ్గిరాముడు' సినిమాలో నాజర్ అల్లూరి సీతారామరాజు కథ చెబితే, మంచి స్టూడియో శబ్దగ్రహణం ఆ గొంతుకు కొద్ది నిమిషాలపాటు దక్కింది. రాత్రంతా సాగే కళకు మిగిలిన మంచి ధ్వని అంత!

ఇక్కడ ఉద్యమంలోని ఒక ధోరణిని కూడా విమర్శించవలసి ఉంది. పుస్తకాలకోసం, పత్రికలకోసం ప్రెస్సులు పెట్టుకున్న ఉద్యమం పాటను సరైన యంత్రం మీద నిలిపే పనికి అంత ప్రాముఖ్యం ఇవ్వలేదు. డబ్బు లేకపోవడం నిజమే. కాని దానివెనక 'ప్రజల పాటకు నాణ్యం ఎందుకు, అది జనం నోట బతుకుతుంది' అనే భావం కూడా ఉంది. 1980లో విడుదలైన 'మా భూమి' చిత్రంలో వింజమూరి సీత సంగీతంలో గద్దర్ గొంతు స్టూడియో యంత్రం మీద వినిపించినప్పుడు ఆ భావం ఎంత తప్పో తెలిసింది. డప్పు దెబ్బకు, గొంతుకు మధ్య ఖాళీ వినపడాలి; అప్పుడే పాటకు పదును. ఆ తరువాత కాసెట్ల కాలం వచ్చింది. వంగపండు పాట, జననాట్యమండలి పాట కాసెట్టునుంచి కాసెట్టుకు ఎక్కి పల్లెపల్లెకూ పోయాయి. వాటి మేలు నేను తక్కువచేయను. కంపెనీల గుత్తాధిపత్యం బద్దలు కొట్టింది ఆ చౌక కాసెట్టే. కాని ప్రతికి ప్రతి తీసినకొద్దీ హెచ్చు స్వరాలు పోయి, బుసబుస పెరిగి, అయిదో ప్రతికి మాట కూడా తెలియదు. దాన్ని పేదల సౌందర్యమని పొగిడే మిత్రులున్నారు. పేదవాడికి చిరిగిన పుస్తకం చాలనడం ఎంతో, ఇదీ అంతే.

రేడియో సంగతి కొంత వేరు. 1948 డిసెంబరు 1న బెజవాడలో ఆకాశవాణి కేంద్రం తెరిచారు. అమ్మకం లెక్క చూసుకోనక్కర లేని మైకు అది. బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, వయొలిన్ అన్నవరపు రామస్వామి — వీళ్లంతా అక్కడ పనిచేసినవాళ్లే. వోలేటి పాట జనానికి చేరింది ప్రధానంగా రేడియో ద్వారానే. స్టూడియో టేపుమీద గాడి లేదు, రాతిపొడి లేదు, మూడు నిమిషాల గోడ లేదు. తెలుగు సంగీతానికి దొరికిన నిజమైన మంచి ధ్వని చాలావరకు ఆ టేపుల్లోనే ఉందని నా నమ్మకం. అయితే టేపు ఖరీదైన రోజుల్లో పాతదాన్ని చెరిపి కొత్తది ఎక్కించడం లండన్ బి.బి.సి. మొదలు ఎన్నో రేడియోలలో జరిగిన పనే. మనకు మిగిలింది పెద్ద రాశిలో కొంత.

ఎల్‌.పి.ల గురించి ఎక్కువ చెప్పను. రాతిపొడి పోయి ప్లాస్టిక్కు వచ్చింది, చప్పుడు తగ్గింది, నిడివి పెరిగింది. 1974లో ఘంటసాల మరణించాక విడుదలైన భగవద్గీత మన ఎల్‌.పి.లలో శ్రద్ధగా చేసిన వాటిలో ఒకటి. గొంతును ముందు నిలిపి, వాద్యాలను వెనక్కు సర్దిన తీరు వినదగ్గది. విచిత్రమేమంటే ఆ రికార్డును మనం వినేది గుడి గోపురం మీది బాకాలోనో, చావు ఇంటిముందు పగిలిన స్పీకరులోనో.

నేడు 'రీమాస్టరింగ్' అనే మాట ఎక్కువగా వినబడుతోంది. పాత ధ్వనిని శుభ్రం చెయ్యడం మంచి పనే. కాని జరుగుతున్నదేమిటి? చప్పుడు తొలగించే పేరున దానితోపాటు తాళం గలగల, వయొలిన్ గీర, గాయకుడి ఊపిరి కూడా ఊడ్చేస్తున్నారు. అన్ని చోట్లా ఒకే బిగ్గర ఉండేటట్లు నొక్కేస్తున్నారు. వేగం సరిచూడకపోతే శ్రుతి మారి, మగగొంతు పిల్లవాడి గొంతవుతుంది. 2010లో 'మాయాబజార్'కు రంగులద్దినప్పుడు 1957నాటి ఒంటి ధ్వనిని కూడా డి.టి.ఎస్.గా మార్చారు. హాలు నలుమూలలనుంచి పాట వినపడింది, జనం సంతోషించారు. కాదనను. కాని మైకుకు ఎవరు ఎంత దూరంలో నిలబడాలని లెక్కగట్టి, వాద్యబృందాన్నీ గాయకులనూ ఒకేసారి రికార్డు చేసిన ఆనాటి శబ్దగ్రాహకుల పనితనం ఆ ఒంటి ధ్వనిలోనే ఉంది. అది విడిగా వినడానికి దొరకాలి.

దొరకడానికి ఇప్పుడు చట్టం అడ్డం లేదు. మన కాపీరైటు చట్టం ప్రకారం శబ్ద రికార్డుకు హక్కు ప్రచురించిన మరుసటి ఏడు మొదలు 60 ఏళ్లు. 1964 వరకు వెలువడిన ప్లేట్లమీద రికార్డు కంపెనీకి ఆ హక్కు తీరిపోయింది. సాహిత్యం హక్కు మాత్రం కవి మరణం తరువాత మరో 60 ఏళ్లు నడుస్తుంది గనుక దాన్ని విడిగా చూసుకోవాలి. తిరుపతి వెంకట కవుల పద్యాలకు అదీ లేదు. కళాశాలల్లో తెలుగు చెప్పే మిత్రులు, విద్యార్థులు తలపెడితే ఒక జిల్లా ప్లేట్లన్నీ జాబితా కట్టడం అసాధ్యమేమీ కాదు. జాబితాలో పాట పేరుతోపాటు మాత్రిక సంఖ్య, ఏ ఊరినుంచి వచ్చింది, అది మైకు సెట్టుదా, ఇంటిదా అన్నది కూడా రాయాలి. అరిగిన ప్లేటును పారవెయ్యకూడదు. పాత ఉక్కు ముల్లు గాడి గోడను ఒకే ఎత్తున అరగదీసి ఉంటుంది. దానికన్న కొంచెం లావుదో సన్నందో అయిన వజ్రపు ముల్లు వేస్తే, అది గోడ మీద అరగని చోట ఆనుతుంది. స్టీరియో పికప్పు వాడితే గాడి రెండు గోడలనూ విడివిడిగా విని, బాగున్న గోడను ఏరుకోవచ్చు. ఒకే ప్లేటు ప్రతులు రెండుమూడు దొరికితే, ఒకదానిలో పోయిన చరణం మరొకదానిలో దొరుకుతుంది. మా మేస్త్రీ దగ్గర మూడు రకాల ముళ్లున్నాయి. గరగర తప్ప ఏమీ లేదని మేము పక్కన పెట్టిన ఒక మైకు సెట్టు ప్లేటులో, మూడో ముల్లుకు హార్మోనియం శ్రుతి, ఆ తరువాత పద్యం మొదటి పాదం వినిపించాయి.